సాగరయాత్రకు సన్నాహం

నూజివీడు మామిడి తోటలలో వేసవి కోతలు సాగే రోజులలో ఒక విషయాన్ని తేలికగా గమనించవచ్చు. మరునాడే విజయవాడలో అమ్ముడుపోయే చిన్నరసాలను సిద్ధం చేసే తీరు వేరు. రోజుల తరబడి ప్రయాణించి ఢిల్లీ చేరవలసిన బంగినపల్లిని సిద్ధం చేసే తీరు వేరు. దూరప్రాంతానికి పోయే కాయను పక్వానికి వచ్చి ఇంకా గట్టిగా ఉన్నప్పుడే చిక్కంతో కోస్తారు. ముచ్చిక ఊడకుండా, నేలను తాకకుండా దించుతారు. సొన కారిపోనిస్తారు. దెబ్బ తగిలిన కాయ ఒక్కటి ఉన్నా పెట్టె మొత్తాన్ని పాడుచేస్తుంది కనుక ఒక్కొక్క కాయను చేతితో తడిమి చూసి ఏరివేస్తారు. లారీ కదిలిన తరువాత కాయకు ఏమి జరుగుతుందో రైతు చేతిలో లేదు. ఢిల్లీలో పెట్టె విప్పినప్పుడు బయటపడే మంచిచెడ్డలలో చాలా భాగం తోటలో చెట్టు నీడనే నిర్ణయమై ఉంటుంది.

నెలల తరబడి మహాసముద్రం మీద సాగవలసిన తెరచాప నౌకకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఇక్కడ పొరపాటుకు మూల్యం సరుకు కాదు, ప్రాణం. సముద్రయానం అనగానే మనకు ఉత్తుంగ తరంగాలు, పెనుగాలులు, వాటిని ఎదిరించే ధీరులు మనసులో మెదులుతారు. అనుభవం గల నావికులు మాత్రం మోకుల గురించి, మరల గురించి, మంచినీటి తొట్ల గురించి ఎక్కువగా మాట్లాడతారు. వారు అలా మాట్లాడడానికి గల కారణాన్ని తెలుసుకుంటే సాహసం అనే మాటకు మనం చెప్పుకునే అర్థం కొంత మారుతుంది.

తెలుగు తీరం – నౌకాయాన సంప్రదాయం

తెలుగువారికి సముద్రం కొత్త కాదు. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో పాలించిన శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కంబాల ఓడ బొమ్మ ముద్రితమై ఉంది. గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ పేర్కొన్న కంటకస్సిల రేవు కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని పండితులు గుర్తించారు. మచిలీపట్నం, కోరంగి రేవులు తరువాతి శతాబ్దాలలో దేశదేశాల ఓడలకు ఆశ్రయమిచ్చాయి. కోరంగి ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుపొందింది. కోరమాండల్ తీరంలో వాడిన మసూలా పడవల నిర్మాణం మరీ విచిత్రమైనది. ఇనుప మేకులు లేకుండా, కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టి ఆ పడవలను తయారుచేసేవారు. ఒడ్డున విరుచుకుపడే అలల తాకిడికి మేకులు దిగ్గొట్టిన పడవ పగిలిపోతుంది. కుట్టిన పడవ కొద్దిగా వంగి ఆ దెబ్బను ఓర్చుకొంటుంది.

సముద్రయానం ఎంత ప్రమాదకరమో తెలిపే సాక్ష్యం కూడా మన శాసనాలలోనే ఉంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెదరి, ఓడ పగిలి తీరానికి కొట్టుకువచ్చిన వర్తకుల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా వశపరచుకొనేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, ముప్పయ్యింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకొంటానని మాట ఇచ్చాడు. ధనార్జన కోసం ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి పట్ల దయతో ఈ నిర్ణయం తీసుకొన్నట్లు శాసనం తెలుపుతుంది. ఓడలు పగలడం అరుదైన సంఘటన అయితే అటువంటి శాసనం అవసరమే ఉండేది కాదు.

తారిణి ప్రయాణం

ఆ సంప్రదాయానికి ఆధునిక కాలంలో కొనసాగింపు అనదగిన యాత్ర 2017లో జరిగింది. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప నౌకలో భూమిని చుట్టివచ్చారు. 'నావికా సాగర పరిక్రమ' అని పేరు పెట్టిన ఆ యాత్రకు లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వం వహించారు. ప్రతిభా జమ్వాల్, పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య, విజయాదేవి, పాయల్ గుప్తా తక్కిన సభ్యులు. వీరిలో స్వాతి విశాఖపట్నానికి, ఐశ్వర్య హైదరాబాదుకు చెందినవారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరిన వీరు 2018 మే 21న తిరిగి గోవా చేరారు. మొత్తం 254 రోజులలో 199 రోజులు సముద్రం మీదనే గడిచాయి. మహిళలు మాత్రమే నడిపిన భారతీయ నౌక భూమిని చుట్టిరావడం అదే మొదటిసారి.

సంస్కృతంలో 'తరి', 'తరణి' శబ్దాలకు నావ అని అర్థం. 'తారిణి' అంటే దాటించేది. ఒడిశాలోని గంజాం జిల్లాలో వెలసిన తారా తారిణి దేవి పేరు కూడా ఈ నౌక నామకరణంలో ఇమిడి ఉంది. గోవాలోని ఒక నౌకా నిర్మాణశాలలో తయారై 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరిన తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. దాని కంబం ఎత్తు 25 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తుల మేడ ఎత్తు. లోపల కర్ర, పైన గాజునార పొరలు కలిపి దాని మేనును నిర్మించారు.

భూమిని చుట్టివచ్చినట్లు పరిగణించాలంటే కొన్ని నియమాలు పాటించాలి. బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. భూమధ్యరేఖను రెండుసార్లైనా దాటాలి. అన్ని రేఖాంశాలనూ దాటాలి. ఆస్ట్రేలియాకు నైరుతి కొనలోని లూవిన్, దక్షిణ అమెరికా చివరనున్న హార్న్, ఆఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రాలను చుట్టిరావాలి. ప్రయాణించిన దూరం 21,600 నాటికల్ మైళ్లకు తగ్గరాదు. ఈ చివరి సంఖ్య వెనుక చక్కని లెక్క ఉంది. భూమధ్యరేఖ వృత్తంలో 360 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 60 నిమిషాలు. ఒక నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు. 360ని 60తో గుణిస్తే 21,600 వస్తుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కనుక ఆ దూరం సుమారు 40 వేల కిలోమీటర్లు.

కాలనిర్ణయం

సన్నాహంలో మొదటి అంశం కాలనిర్ణయం. దక్షిణార్ధగోళంలో నలభయ్యవ అక్షాంశం దాటిన తరువాత పడమటి గాలులకు అడ్డుపడే భూభాగం చాలా తక్కువ. అవి భూమి చుట్టూ ఎడతెగకుండా వీస్తాయి. అందుకే నావికులు ఆ ప్రాంతాన్ని 'గర్జించే నలభైలు' అని పిలుస్తారు. దక్షిణాన దాదాపు 56వ అక్షాంశం వద్ద ఉన్న హార్న్ అగ్రం మరింత కఠినమైనది. చలికాలంలో అక్కడికి పోవడం ఆత్మహత్యతో సమానం. దక్షిణార్ధగోళంలో వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉంటుంది. కాబట్టి ఆ నెలలలో హార్న్ చేరేటట్లు లెక్క వేసుకొని, అక్కడి నుంచి వెనుకకు గణించి, బయలుదేరే రోజును నిర్ణయించాలి. తారిణి సెప్టెంబరులో గోవా విడిచి, ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటల్టన్ రేవులలో ఆగి, జనవరి మూడవ వారంలో హార్న్ అగ్రాన్ని చుట్టింది. మన రైతు తొలకరిని చూసి దుక్కి దున్నినట్లే నావికుడు గాలిని చూసి లంగరు ఎత్తుతాడు. బయలుదేరడం ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని సముద్రం క్షమించదు.

నౌకను పరీక్షించడం

రెండవ అంశం నౌకను అడుగు నుంచి కంబం కొస వరకు పరీక్షించడం. ముందుగా నౌకను నీటి నుంచి ఒడ్డుకు ఎత్తి, అడుగున అంటుకొన్న నాచును, గుల్లలను గీకివేస్తారు. అవి పేరుకొంటే వేగం తగ్గుతుంది. పగుళ్లు, తేమ చేరిన చోట్లు ఉన్నాయేమో చూసి సరిచేస్తారు. ప్రతి నౌక అడుగున కొన్ని రంధ్రాలు తప్పనిసరిగా ఉంటాయి. యంత్రాన్ని చల్లబరిచే నీరు లోపలికి రావడానికి, వాడిన నీరు బయటికి పోవడానికి అవి మార్గాలు. ఒక్కొక్క రంధ్రానికి ఒక మూత ఉంటుంది. ఆ మూత విరిగితే నౌకలోకి నీరు ఉరకలు వేస్తుంది. అందుచేత ప్రతి రంధ్రం పక్కన, దానికి సరిపడే మెత్తని కర్ర బిరడాను ఒక తాడుతో కట్టి ఉంచుతారు. చీకటిలో, నీరు మోకాళ్ల దాకా వచ్చినప్పుడు బిరడా కోసం వెతకవలసిన అవసరం రాకూడదని ఈ ఏర్పాటు. విలువ చూస్తే కొద్దిపాటి రూపాయలే. అది కాపాడేది మొత్తం నౌకను.

తరువాత కంబం. దానిని నాలుగు వైపుల నుంచి ఉక్కు తాళ్లు పట్టి నిలబెడతాయి. తాడు మధ్యలో తెగడం తక్కువ. తాడు మరొక భాగంతో కలిసే చోట, చిన్న పిన్ను విరిగిన చోట, కంటికి కనబడని సన్నని పగులు వచ్చిన చోట ప్రమాదం మొదలవుతుంది. ఒక మనిషి తాడు ఊయలలో కూర్చొని కంబం కొస వరకు ఎక్కి, ప్రతి అతుకును భూతద్దంతో చూడవలసి ఉంటుంది. ఉప్పు గాలికి లోహం తినివేయబడుతుంది. అందుచేత ఈ పరీక్ష ఒక్కసారితో ముగియదు. ఆగిన ప్రతి రేవులోనూ మళ్లీ చేయాలి.

తెరచాపలకు గాలి కంటె రాపిడి పెద్ద శత్రువు. నెలల తరబడి చాప ఒకే తాడుకు, ఒకే లోహపు అంచుకు ఒరుసుకొంటూ ఉంటే ఎంత గట్టి బట్టయినా చిరుగుతుంది. ఒరుసుకొనే చోట్లను ముందే గుర్తించి అదనపు బట్టను, తోలును వేసి కుడతారు. పెద్ద సూదులు, మైనం పూసిన దారం, అతుకు బట్టలు వెంట ఉంచుకొంటారు. తారిణి వెంట ఆరు రకాల చాపలు ఉన్నాయి. పిల్లగాలికి విప్పే పెద్ద చాప మొదలు తుఫానులో మాత్రమే ఎత్తే చిన్న మందపాటి చాప వరకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమయం. తుఫాను చాపను రేవులో ప్రశాంతంగా ఉన్న రోజున ఎత్తి దించడం అభ్యాసం చేయాలి. పసిఫిక్ మహాసముద్రంలో తారిణి గంటకు నూరు కిలోమీటర్లు మించిన గాలులను ఎదుర్కొంది. అటువంటి వేళ మడత విప్పి ముడులు నేర్చుకొనే వ్యవధి ఉండదు.

ఒకటి చెడితే మరొకటి

దీర్ఘయాత్రకు సిద్ధమయ్యేవారు ప్రతి వస్తువును చూసి ఒకే ప్రశ్న వేసుకొంటారు: ఇది చెడిపోతే ఏమి చేయాలి? జవాబు దొరకని వస్తువు ఒక్కటి ఉన్నా సన్నాహం పూర్తి కానట్లే. ఉపగ్రహాల సాయంతో నౌక ఉన్న చోటును చూపే జి.పి.ఎస్. పరికరం పనిచేయకపోతే దిక్సూచి, కాగితపు పటాలు, సూర్యనక్షత్రాల ఎత్తును కొలిచే సెక్స్‌టెంట్ ఉండాలి. వాటిని వాడడం కూడా వచ్చి ఉండాలి. విద్యుత్తుతో నీరు తోడే పంపు ఆగితే చేతితో తోడే పంపు కావాలి. చుక్కానిని తిప్పే చక్రం పనిచేయకపోతే చుక్కాని కాడకు నేరుగా తగిలించే అత్యవసర పిడి ఉండాలి. సూర్యఫలకాలు, జనరేటరు, బ్యాటరీలు ఒకదానికొకటి అండగా నిలవాలి.

అన్నీ విఫలమైనప్పుడు ఇతరుల సాయం కోరే సాధనం కూడా అవసరమే. ఆపద సమయంలో మీట నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ అటువంటిది. మన దేశంలో ఈ సంకేతాలను అందుకొనే కేంద్రం బెంగళూరులో ఉంది. అక్కడి నుంచి సమాచారం గాలింపు, రక్షణ బాధ్యతలు చూసే కోస్ట్ గార్డుకు చేరుతుంది. సముద్రం స్థితిగతులను, అలల ఎత్తును ముందుగా అంచనావేసి తెలిపే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాదులో ఉంది. వేటకు పోయే మన మత్స్యకారులకు కూడా ఈ సంస్థ సూచనలు ఉపయోగపడుతున్నాయి.

నీరు, ఆహారం

నీటి లెక్క విద్యార్థులు సైతం వేయదగినది. ఒక మనిషికి తాగడానికి రోజుకు కనీసం మూడు లీటర్ల నీరు కావాలనుకొందాం. లిటల్టన్ నుంచి ఫాక్‌లాండ్ దీవులలోని పోర్ట్ స్టాన్లీ వరకు తారిణికి సుమారు 40 రోజులు పట్టింది. ఆరుగురికి 40 రోజులకు 720 లీటర్లు అవుతుంది. వంటకు, కడగడానికి వేరుగా కావాలి. 720 లీటర్ల నీరంటే 720 కిలోల బరువు. బరువు పెరిగితే నౌక వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ప్రయాణపు రోజులు పెరుగుతాయి. రోజులు పెరిగితే మరింత నీరు కావాలి. ఈ చిక్కుముడి కారణంగానే దూరయాత్ర నౌకలలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం అమర్చుతారు. అది చెడిపోయే అవకాశాన్ని దృష్టిలో ఉంచుకొని తొట్లలో కనీస నిల్వ ఉంచుతారు. ఆ నిల్వను కూడా ఒకే తొట్టిలో పోయరు. ఒకటి కలుషితమైతే మరొకటి మిగలాలి.

ఆహారం విషయంలో మన ఇళ్లలోని పద్ధతులే శాస్త్రీయమైనవి. తడి తగలనివ్వకుండా, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె సమపాళ్లలో కలిపి పెట్టిన ఆవకాయ ఏడాది నిలుస్తుంది. తడి గరిటె ఒక్కసారి పెడితే జాడీ అంతా బూజు పడుతుంది. నౌకలో కూడా తేమే ప్రధాన శత్రువు. పప్పులు, బియ్యం, అటుకులు గాలి చొరబడని డబ్బాలలో భద్రపరుస్తారు. తొలి వారాలకు కాయగూరలు, పండ్లు. తరువాత ఎండబెట్టినవి, డబ్బాలలో నిల్వచేసినవి. ఏ డబ్బా ఎక్కడ ఉందో పుస్తకంలో రాసుకొంటారు. నౌక ఒక పక్కకు ఒరిగి ఊగిపోతున్నప్పుడు వెతుకులాటకు వీలుండదు. ప్రయాణం అనుకొన్నదానికంటె ఎక్కువ రోజులు పట్టవచ్చు గనుక అదనపు ఆహారం తప్పనిసరి.

మనుషుల సన్నాహం

నౌక ఎంత గట్టిదైనా నడిపేవారు సిద్ధంగా లేకపోతే ప్రయోజనం లేదు. తారిణి బృందం ఒక్కసారిగా మహాసముద్రంలోకి దిగలేదు. అంతకుముందు ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు కెప్టెన్ దిలీప్ దోండే వారికి శిక్షణ ఇచ్చారు. ఆయన 2009–10లో ఐ.ఎన్.ఎస్.వి. మాదేయి నౌకలో ఆ యాత్ర చేశారు. బృంద సభ్యులు అదే మాదేయిలో 2016లో మారిషస్‌కు, ఆ ఏడాది చివర కేప్‌టౌన్‌కు ప్రయాణించి అనుభవం సంపాదించారు. తారిణి చేతికి వచ్చిన తరువాత అందులోనూ మారిషస్ వెళ్లివచ్చారు. చిన్న యాత్రలలో బయటపడిన లోపాలను పెద్ద యాత్రకు ముందు సరిదిద్దుకోవడం ఈ పద్ధతిలోని మేలు.

విమానాల రాకపోకలను నియంత్రించే అధికారిణి స్వాతి. నౌకా నిర్మాణ శాస్త్రం చదివిన అధికారిణి వర్తిక. ఎవరి ఉద్యోగం ఏదైనా నౌకలో ప్రతివారూ అన్ని పనులూ నేర్వాలి. చాప కుట్టాలి, యంత్రం విప్పాలి, గాయానికి కట్టు కట్టాలి, వంట చేయాలి, వంతుల ప్రకారం రాత్రివేళ మేలుకొని చుక్కాని పట్టాలి. ఒకరు జబ్బుపడితే వారి పని ఆగకూడదు. బయట పనిచేసే ప్రతి క్షణం నడుముకు, భుజాలకు పట్టీ బిగించుకొని, దానిని నౌకకు కట్టిన తాడుకు తగిలించుకోవాలి. రాత్రి గాలివానలో నీటిలో పడిన మనిషిని వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. పడకుండా చూసుకోవడమే మార్గం.

ఇంత చేసినా సముద్రం తన పరీక్ష తాను పెట్టింది. యాత్ర చివరి ఘట్టంలో, హిందూ మహాసముద్రంలో, తారిణి చుక్కానిని నడిపే యంత్రాంగంలో లోపం ఏర్పడింది. ఇల్లు చేరడానికి కొద్ది వారాల దూరమే మిగిలి ఉంది. బృందం నౌకను ముందుగా అనుకోని మజిలీ అయిన మారిషస్‌కు మళ్లించింది. 2018 ఏప్రిల్‌లో పోర్ట్ లూయిస్ రేవులో మరమ్మతు చేయించుకొని, ఆ తరువాతనే గోవాకు బయలుదేరింది. ఇది ఆ యాత్రకు మచ్చ కాలేదు. ఆగవలసిన చోట ఆగడం కూడా సన్నాహంలో భాగమే.

సిద్ధంగా లేమని చెప్పగలగడం

ఈ మాట విలువ తెలియాలంటే అర్ధశతాబ్దం క్రితం నాటి ఒక పోటీని గుర్తుచేసుకోవాలి. 1968లో ఇంగ్లండులో ఒక పత్రిక, ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టిరావడానికి పోటీ ప్రకటించింది. తొమ్మిదిమంది బయలుదేరారు. ఒక్కరే గమ్యం చేరారు. ఆయన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన నౌక సుహేలీ బొంబాయిలో టేకు కర్రతో తయారైనది. ప్రయాణం ఆరంభంలోనే అది కారడం మొదలుపెట్టింది. ఆయన నీటిలోకి దిగి, పలకల సందులలో దూది కూరి లీకును ఆపాడు. నిల్వ నీరు కలుషితమైతే వాననీరు పట్టుకొన్నాడు. రేడియో మూగబోయింది, నౌకను దానంతట అది నడిపే పరికరం విరిగిపోయింది. అయినా ఆ నౌకలోని ప్రతి అంగుళం ఆయనకు తెలుసు, దానిని బాగుచేసే సామగ్రి వెంట ఉంది. 312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న ఆయన తీరం చేరాడు.

అదే పోటీలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఇంజనీరు కూడా పాల్గొన్నాడు. తెలివైనవాడు, కొత్త పరికరాలు కనిపెట్టగలవాడు. కాని అతని నౌక నిర్మాణం ఆలస్యమైంది. బయలుదేరడానికి చివరి గడువు 1968 అక్టోబరు 31. యాత్ర మానుకొంటే ఆర్థికంగా పతనమయ్యే పరిస్థితి. పత్రికలలో పేరు వచ్చేసింది. నౌక సిద్ధంగా లేదని బయలుదేరే ముందు రాత్రి భార్యతో అన్నట్లు ఆయన జీవితకథ రాసినవారు తెలిపారు. ఆ మాట మరెవరితోనూ చెప్పలేకపోయాడు. గడువు ముగిసే రోజున నౌకను నీటిలోకి నడిపించాడు. అవసరమైన విడిభాగాలు కొన్ని ఒడ్డునే మిగిలిపోయాయి. నీరు తోడే పంపుకు కావలసిన గొట్టాలు లేవు. కొద్ది వారాలలోనే ఈ నౌకతో దక్షిణ సముద్రాలకు పోతే మరణం తప్పదని అతనికి అర్థమైంది. వెనుదిరిగితే అవమానం. అప్పుడు అతడు అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, భూమిని చుట్టివస్తున్నట్లు రేడియోలో తప్పుడు సమాచారం పంపసాగాడు. ఆ అబద్ధం నెలల తరబడి సాగింది. చివరకు 1969 జూలై 10న నడిసముద్రంలో అతని నౌక ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు. నాక్స్-జాన్‌స్టన్ తనకు వచ్చిన బహుమతి ధనాన్ని క్రోహర్స్ట్ కుటుంబానికి ఇచ్చివేశాడు.

ఇద్దరి నౌకలూ కారాయి. ఇద్దరి పరికరాలూ చెడిపోయాయి. కారే నౌకను తనంతట తాను బాగుచేసుకోగల స్థితిలో ఒకరు బయలుదేరారు; సిద్ధంగా లేనని తెలిసీ, ఆ నిజాన్ని రేవులో చెప్పలేక మరొకరు బయలుదేరారు. సముద్రం మీద మొదలైందనుకొనే ఆ అబద్ధం నిజానికి ఒడ్డుననే మొదలైంది. ఆ రోజు అతడు సిద్ధంగా లేనని ప్రకటించి ఉంటే ధనం పోయేది, పరువు కొంత తగ్గేది, ప్రాణం నిలిచేది.

సంపూర్ణ సన్నాహం ఉన్నా ప్రమాదం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి భారతీయుడు అభిలాష్ టోమీ 2018లో మరొక పోటీలో పాల్గొన్నప్పుడు, సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో తుఫానుకు ఆయన నౌక బోల్తాపడింది. కంబం విరిగింది. వెన్నెముకకు గాయమై ఆయన కదలలేకపోయాడు. అయితే ఉపగ్రహం ద్వారా చిన్న సందేశాలు పంపే పరికరం పనిచేస్తూ ఉంది. ఆ సందేశాల ఆధారంగా మూడు రోజుల తరువాత ఒక ఫ్రెంచి నౌక ఆయనను రక్షించింది. కోలుకొన్న తరువాత అదే పోటీలో మళ్లీ పాల్గొని 2023లో రెండవ స్థానంలో యాత్ర ముగించాడు. సన్నాహం ప్రమాదాన్ని తప్పించకపోయినా, ప్రమాదం తరువాత బ్రతికే అవకాశాన్ని మిగిల్చింది.

తారిణి కూడా విశ్రాంతి తీసుకోలేదు. 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరు నౌకాదళ అధికారిణులు అదే నౌకలో గోవా నుంచి బయలుదేరి, 2025 మే 29న భూమిని చుట్టి తిరిగివచ్చారు. ఏడేళ్ల క్రితం మహాసముద్రాలను దాటిన నౌక మళ్లీ అదే దారిలో పోగలిగిందంటే, ఈ మధ్యకాలంలో రేవులో దాని అతుకులను, మోకులను, మరలను ఓపికతో సరిచూసిన చేతులు ఎన్నో ఉన్నాయని అర్థం. ఆ చేతుల పేర్లు చరిత్రలో కనబడవు.

విద్యార్థి దశలో ఉన్నవారికి ఈ నౌకల కథ పరాయిది కాదు. పరీక్ష కావచ్చు, ఉద్యోగం కావచ్చు, ఊరు విడిచి దూరదేశం పోవడం కావచ్చు, ఒడ్డు విడవవలసిన రోజు ప్రతివారికీ వస్తుంది. నాకు ఏది వచ్చు, ఏది రాదు, ఇంకా ఎంత వ్యవధి కావాలి అని తనను తాను నిజాయితీగా ప్రశ్నించుకోవడం ఆ రోజుకు ముందు చేయవలసిన పని. వచ్చిన జవాబు నచ్చకపోయినా దానిని పెద్దలతో, గురువులతో చెప్పగలగాలి. కొంత ఆలస్యంగా బయలుదేరినవారికి మరుసటి ఋతువు మళ్లీ వస్తుంది.